ముసలమ్మ పోయింది

ఆ ఉదయం మెకానిక్ అనుకున్న పని చిన్నది. టీ తాగాలి. సంచిలోంచి బొమ్మ తీయాలి. నాలుగు చక్రాలకూ తలా ఒక చుక్క కుట్టుమిషను నూనె వేయాలి. మెత్తటి గుడ్డతో తుడిచి, అద్దాల అలమరలో పెట్టి, తలుపు మూయాలి. మూడేళ్ళుగా వారానికొకసారి చేస్తున్న పనే. చేసి ఎవరినీ ఉద్ధరించింది లేదు.

టీ తాగాడు. సంచి తెరిచాడు. కళ్ళజోడు పెట్టె ఉంది, గొడుగు ఉంది. బొమ్మ లేదు.

అది పాతకాలపు ఇంగ్లిషు మోటారు ఇంటి బొమ్మ. ఇల్లూ బండీ ఒకటే అయిన వాహనం. దాన్ని నలభై మూడో వంతుకు తగ్గించి లోహంతో పోత పోశారు. అరచేతిలో పెడితే బరువు తెలుస్తుంది. పైన మీగడ రంగు, కింద ఆకుపచ్చ. స్టీరింగు కుడివైపు. పక్క తలుపు తెరిస్తే గోరంత పొయ్యి, గోరంత సింకు, ఎర్రగళ్ళ దుప్పటి పరిచిన మంచం కనిపిస్తాయి. లోపల మనిషి నిలబడటానికి వీలుగా కప్పు పైకి లేస్తుంది. అడుగున అరవై రెండు అని మోడలు సంవత్సరం పోత పోసి ఉంటుంది.

మూసేస్తున్న ఒక బొమ్మల దుకాణంలో ఆయన భార్య దాన్ని కొన్నది. "వంట ఎలాగూ తప్పదు," అంది. "వంటింటికి చక్రాలుంటే కనీసం కిటికీలోంచి ఇంకో ఊరు కనబడుతుంది." దానికి ముసలమ్మ అని పేరు కూడా తనే పెట్టింది. "అచ్చం మా అమ్మే. ఇల్లంతా నెత్తిన పెట్టుకుని ఉంటుంది. ఉన్నచోటు నుంచి కదలదు."

మెకానిక్ బస్సు డిపోలో ముప్పై నాలుగేళ్ళు పనిచేశాడు. సముద్రానికి వెళ్ళే బస్సులను రోజూ బాగుచేసి పంపాడు. ఒక్కదాన్నీ ఎక్కలేదు. భార్య ఏడాదికొకసారి అడిగేది, సముద్రం చూద్దామండీ అని. వచ్చే ఏడు చూద్దాం అనేవాడు. ముప్పై ఒక్కసార్లు అన్నాడు. ముప్పై రెండో ఏడు అడగడానికి ఆమె లేదు.

ఆమె పోయిన రోజున అత్తగారు నలుగురిలోనే అడిగేసింది. "నా కూతురు ముప్పై ఏళ్ళు కిటికీలోంచి బస్సులు చూసింది. ఒక్కటి ఎక్కించావా?" సమాధానం లేనివాళ్ళు చేసే పనే చేశాడు, కోపం తెచ్చుకున్నాడు. ఈ గడప తొక్కొద్దన్నాడు. ఆవిడ తొక్కలేదు. ఆవిడ ఇల్లు నాలుగు వీధుల అవతలే. మూడేళ్ళయింది.

కాబట్టి మిగిలింది బొమ్మ. ఇప్పుడు అదీ లేదు.

ఎలా పోయిందో ఆయనకు కాస్త ఆలస్యంగా తోచింది. నిన్న సాయంత్రం దాన్ని గడియారాల దుకాణానికి తీసుకెళ్ళాడు. కుడి వెనక చక్రం ఇరుసు వంగింది, సరిచేయించాడు. తిరిగి వచ్చేటప్పుడు బస్సులో ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు. గేరు మార్చినప్పుడు ఏదో గరగరమంది. అంతే, బొమ్మను సీటు మీద పెట్టి, లేచి డ్రైవరు వెనక నిలబడి, నాలుగు స్టాపుల పాటు వాణ్ణి తిట్టాడు. తిట్టడం పూర్తయ్యేసరికి ఇల్లొచ్చింది. సంచి తీసుకుని దిగిపోయాడు.

డిపోకు ఫోన్ చేశాడు.

ఆ డిపోలో పోయిన వస్తువులకూ పోయిన మనుషులకూ ఒకే గుమాస్తా. రెండు రిజిస్టర్లు, ఒకే బల్ల, ఒకే ఫోను. నీలం అట్ట రిజిస్టరులో బస్సుల్లో దొరికిన గొడుగులు, టిఫిను డబ్బాలు, ఒంటి చెప్పులు రాస్తాడు. నల్ల అట్ట రిజిస్టరులో సిబ్బంది ఇళ్ళలో జరిగిన మరణాలు రాస్తాడు. డబ్బు మిగుల్చుకుందామని పై ఆఫీసు చేసిన ఏర్పాటు అది. ఇన్నేళ్ళలో ఒక్క పొరపాటూ జరగలేదు. మెకానిక్ ఫోన్ చేసేదాకా.

ఇంజన్ల మధ్య బతికిన మెకానిక్‌కు ఎడమ చెవి పూర్తిగా, కుడి చెవి సగం పోయాయి. ఎదుటివాడు ఏమడిగి ఉంటాడో ఊహించి జవాబు చెప్పడం ఆయన అలవాటు.

"మా ముసలమ్మ పోయిందయ్యా," అన్నాడు.

గుమాస్తా చెయ్యి నల్ల అట్ట మీద పడింది. "అయ్యో. ఎప్పుడండీ?"

"నిన్న సాయంత్రం. బస్సులో."

"మన బస్సులోనా?"

"మన బస్సే. ఒళ్ళోనే ఉంది. కాస్త లేచి డ్రైవరుతో మాట్లాడొచ్చేసరికి పోయింది."

గుమాస్తా కలం ఆగింది. "మరి అప్పుడే ఎవరికైనా చెప్పలేదా అండీ?"

"ఇంటికొచ్చి చూసుకుంటే కదా తెలిసింది, లేదని."

"మీ అత్తగారేనా?"

మెకానిక్‌కు ఇది వినబడలేదు. పాతదేనా అని అడిగి ఉంటాడనుకున్నాడు. "ఆ, అదే. అరవై రెండు."

అత్తగారిని పట్టుకుని అది, ఇది అంటున్నాడేమిటని గుమాస్తా నొచ్చుకోలేదు. వాళ్ళకు పడదని డిపో అంతటికీ తెలుసు. మన భాషలో ఆడమనిషి పోయినా, గొడుగు పోయినా పోయిందనే అంటాం. క్రియలో తేడా లేదు. మెకానిక్ ఇంట్లో చాలాకాలం క్రియలోనే కాదు, ఆడమనిషికీ వస్తువుకీ దేనిలోనూ తేడా లేదు. ఇక అల్లుడికి అరవై ఒకటి అయితే అత్తగారికి అరవై రెండు ఎలా అని గుమాస్తా ఒక్క క్షణం తటపటాయించాడు. దుఃఖంలో ఉన్నవాణ్ణి లెక్కలు అడగకూడదని ఊరుకున్నాడు.

"ఒంట్లో ఏమైనా బాగుండేది కాదా?" అని అడిగాడు.

"వెనక కుడివైపు వంగింది. నిన్ననే బాగుచేయించా. బాగైన రోజే పోయింది, చూడు నా రాత." మెకానిక్ సంచిని మరోసారి తడిమి చూశాడు. "దొరికితే మటుకు ఎవరినీ ముట్టుకోనివ్వకు. నేనే వచ్చి తీసుకెళ్తా."

"దొరికితే అంటే..." గుమాస్తా కుర్చీలోంచి లేచాడు. "ఇప్పుడు ఎక్కడుందో మీకు తెలియదా?"

"తెలిస్తే నీకెందుకు ఫోన్ చేస్తాను?" అని మెకానిక్ ఫోన్ పెట్టేశాడు.

అయిదు నిమిషాల్లో డిపో మేనేజరు గదిలో నలుగురు చేరారు. ప్రయాణికురాలు బస్సులో పోవడం ఒక సంగతి. పోయిన ప్రయాణికురాలు కనబడకపోవడం మరో సంగతి. నిన్నటి కండక్టరును పిలిపించారు.

"నా బస్సులో ఎవరూ పోలేదు సార్," అన్నాడు కండక్టరు. "పోయిందల్లా ఒక బొమ్మ బండి. దాన్ని నిన్ననే ఈ గుమాస్తా గారికి అప్పగించా."

"పెద్దావిడ పోయి మేమేడుస్తుంటే నీకు బొమ్మ గుర్తొచ్చిందా?" అన్నాడు గుమాస్తా.

కండక్టరు ఇక నోరెత్తలేదు. నిజం చెప్పినవాడు ఒక్కసారే చెబుతాడు.

ఆ బొమ్మ గుమాస్తా బల్ల మీదే ఉంది. తల మీద ఫ్యాను తిరుగుతుంటుంది, కాగితాలు ఎగరకుండా బరువైనదేదో కావాలి. పొద్దుట నుంచి దాన్నే పెట్టుకున్నాడు. ముసలమ్మ చావును నల్ల రిజిస్టరులో రాస్తున్నంతసేపూ ఆ కాగితాన్ని కదలకుండా పట్టుకున్నది ముసలమ్మే.

చివరికి మేనేజరు దారి కనిపెట్టాడు. ఎవరో ఆవిడను ఆవిడ ఇంటికే చేర్చి ఉంటారు. ముందు అక్కడికి వెళ్ళి తలవంచుకుని నిలబడటం మంచిది. సాయంత్రం ఆరు దాకా ఒక బస్సు రాయించాడు. కారణం అన్న గడిలో అంత్యక్రియలు అని వేశాడు. పూలచక్రం తెప్పించాడు. సానుభూతి కాగితం మీద అందరిచేతా సంతకాలు పెట్టించాడు. కాగితం గాలికి ఎగరకుండా గుమాస్తా దాని మీద బొమ్మను పెట్టి, కింద పెట్టిన అట్టతో సహా పట్టుకుని, రెండు రిజిస్టర్లూ చంకన పెట్టుకుని బస్సెక్కాడు. పద్నాలుగు మంది బయలుదేరారు. సగం మంది డ్యూటీ తప్పుతుందని వచ్చినవాళ్ళే.

అత్తగారే తలుపు తీసింది.

బక్కగా, నిటారుగా ఉంటుంది. చేతిలో కత్తెర ఉంది, పాత చొక్కాకు కాలరు విప్పుతోంది. మేనేజరు ఆవిడను ఎప్పుడూ చూడలేదు.

"అమ్మా, పెద్దావిడను ఎక్కడ ఉంచారు?" అని మెల్లగా అడిగాడు.

"ఏ పెద్దావిడ?"

"పోయినావిడండీ. మా మెకానిక్ గారి అత్తగారు."

ఆవిడ ఎదురుగా నిలబడిన పద్నాలుగు మందినీ, పూలచక్రాన్నీ, గేటుకు అడ్డంగా ఆపిన బస్సునూ చూసింది. "ఎప్పుడు పోయానట?"

"నిన్న సాయంత్రం..." అని మేనేజరు ఆగిపోయాడు.

"ఎక్కడ?"

"మా బస్సులో."

"నేను బస్సెక్కి నాలుగేళ్ళయింది నాయనా. చచ్చేందుకైనా మీ బస్సు ఎక్కను, బ్రేకులు కుదుపు." ఆవిడ తలుపు బార్లా తీసింది. "లోపలికి రండి, ఎండలో నిలబడ్డారు. ఆ కాగితమేంటి, ఇలా ఇవ్వు."

గుమాస్తా అట్ట ఇచ్చాడు. ఆవిడ కళ్ళు చికిలించి చదివింది. "మృదుస్వభావురాలు, మితభాషి. ఇది మా అల్లుడు చెప్పాడా?"

"లేదండీ. అది ఫారంలో అందరికీ ఉంటుంది."

"అదీ సంగతి."

అప్పుడు ఆవిడకు కాగితం మీది బొమ్మ కనిపించింది. కత్తెర కింద పెట్టింది. బొమ్మను చేతిలోకి తీసుకుని అటూ ఇటూ తిప్పి చూసింది.

"ఇది మా అమ్మాయిది," అంది. "అల్లుడు ఫోన్లో ఏమన్నాడు? ఒక్క మాట కలపకుండా చెప్పు."

"మా ముసలమ్మ పోయింది, అన్నారండీ."

ఆవిడ తల ఊపింది. "అమ్మాయి చెప్పింది నాకు, నీ పేరు పెట్టానమ్మా అని. పోయింది నేను కాదులే బాబూ. నా పేరుది." చెప్పులు వేసుకుంది. "పదండి. నేను బతికున్నానని నేనే చెబుతా. మీరు చెబితే ఆ చెవికి ఇంకేదో వినబడుతుంది."

మెకానిక్ ఎందుకైనా మంచిదని మంచం కింద దూరి వెతుకుతుండగా వీధిలో బస్సు ఆగింది. ఇంజను శబ్దం గుర్తుపట్టాడు. మనుషులను గుర్తుపట్టడానికి ఎక్కువసేపు పట్టింది. ముందు అత్తగారు. ఆవిడ వెనక పూలచక్రంతో మేనేజరు. గడప దగ్గర ఆవిడ ఆగింది.

"తొక్కొచ్చా?" అని అడిగింది.

ఆయన పక్కకు జరిగాడు. అంతకంటే ఆయనకు చేతకాదు.

"నేను పోయానని డిపో అంతా చాటించావట. మూడేళ్ళు ఓపిక పట్టినవాడివి, ఇంకొన్నాళ్ళు ఆగలేకపోయావా?"

"నేను అన్నది బొమ్మ గురించి అత్తయ్యా," అన్నాడు. మూడేళ్ళలో ఆయన ఆ పిలుపు పిలవడం అదే మొదలు. అన్నాక ఆయనకే వింతగా వినిపించింది.

ఆవిడ చేతిలోని బొమ్మను బల్ల మీద పెట్టింది. ఆయన చెయ్యి చాచాడు. ఆవిడ ఇవ్వలేదు.

"దీని కప్పు ఎందుకు దించావు?"

"అది ఎప్పుడూ దించే ఉంటుంది."

"అమ్మాయి ఎప్పుడూ ఎత్తి పెట్టేది. దించితే లోపలివాళ్ళకు ఊపిరాడదు అనేది."

ఆయనకు గుర్తులేదు. అదే అలమర ముందు పదకొండేళ్ళు కూర్చుని టీ తాగాడు. కప్పు ఎత్తి ఉందో దించి ఉందో గుర్తులేదు. ఆమె పోయాక తుడవడానికి వీలుగా ఆయనే దించి ఉండాలి. "కీలు పాతది," అన్నాడు. "ఎత్తితే విరుగుతుందని ముట్టుకోలేదు."

ఆవిడ జడలోంచి పిన్ను తీసి అంచున పెట్టి ఎత్తింది. కీలు విరగలేదు. కప్పు కింద, ఎర్రగళ్ళ మంచం మీద, ఎనిమిది మడతలు పెట్టిన పసుపు కాగితం ఉంది.

అది డిపో సెలవు చీటీ. భార్య చేతిరాత. పేరు దగ్గర ఆయన పేరు, టోకెను నంబరు దగ్గర ఆయన నంబరు. తప్పు లేకుండా రాసింది. ఎన్ని రోజులు అన్నచోట ముందు పది అని రాసి కొట్టేసింది, అయిదు అని రాసి కొట్టేసింది, మూడు అని ఉంచింది. కారణం అన్నచోట ఒకటే మాట. సముద్రం. తేదీ ఖాళీ. అది ఆయన వీలుకు వదిలింది. అడుగున సంతకం చోట పెన్సిలుతో చిన్న గుర్తు పెట్టింది, ఎక్కడ పెట్టాలో వెతుక్కోకుండా.

మెకానిక్ ఆ చీటీని రెండుసార్లు చదివాడు. మూడేళ్ళు బయట తుడిచాడు, పక్క తలుపు ఒక్కసారీ తెరవలేదు. అది లోపల ఉంది.

ఎవరో ఒకరు ఏదో ఒకటి అనాలి కదా అని గుమాస్తా తొంగి చూశాడు. "ఈ పసుపు ఫారం రద్దయిందండీ. ఇప్పుడు తెల్లది," అన్నాడు. మేనేజరు అతని కాలు తొక్కాడు.

అత్తగారు గుమ్మంలో నిలబడిన డ్రైవరు వైపు తిరిగింది. "ఈ బస్సు ఎప్పటిదాకా మాది బాబూ?"

"ఆరింటిదాకా రాయించారమ్మా. మీ అంత్యక్రియలకని."

"ఇప్పుడు టైమెంత?"

"పదకొండు."

"సముద్రం ఎంతసేపు?"

"గంటన్నర పోను, గంటన్నర రాను."

ఆవిడ మేనేజరును చూసింది. మేనేజరు కాసేపు ఆలోచించాడు. రాయించిన బస్సును తిప్పకుండా వాపసు చేసినా వివరణ రాయాల్సిందే. "వెళ్ళిరండమ్మా," అన్నాడు. "నేను ఇంకో బస్సులో డిపోకు పోతాను."

"అల్లుడూ, చెప్పులేసుకో."

ఆయన చెప్పులేసుకున్నాడు. చీటీని చొక్కా జేబులో పెట్టుకుని తలుపుకు తాళం వేశాడు. బస్సెక్కి అత్తగారి పక్కన, ముందు సీట్లో కూర్చున్నాడు. ఆవిడ ఒళ్ళో బొమ్మ ఉంది, కప్పు ఎత్తి ఉంది. వెనక పదమూడు మంది ఎవరికి వాళ్ళు కిటికీలు పంచుకున్నారు. పూలచక్రం ఆఖరి సీటులో పెట్టారు. డ్రైవరు ఇంజను ఆన్ చేశాడు. బస్సు వీధి మలుపు దాకా కదిలింది.

"ఆపు," అన్నాడు మెకానిక్.

"ఏమైందండీ?"

"ఆ టకటక వినబడటం లేదా?"

అత్తగారు ఆయన వైపు చూసింది. మనిషి మాట సగమే వినబడే ఆ చెవులకు ఇంజను మాత్రం పూర్తిగా వినబడింది.

"అది ఆర్నెల్ల నుంచి అలాగే ఉందండీ," అన్నాడు డ్రైవరు. "రోజూ రెండొందల కిలోమీటర్లు తిరుగుతోంది. ఏమీ కాదు."

"సముద్రం దాకా పోదు. అయిదు నిమిషాలు. చూసి వచ్చేస్తా."

"బాబూ, పోనీ," అంది అత్తగారు. డ్రైవరుతో అన్నదో అల్లుడితో అన్నదో తెలియలేదు. ఆయన అప్పటికే దిగిపోయాడు.

పన్నెండింటికి ఆయన కాళ్ళు బస్సు కింద నుంచి బయటికి కనబడుతున్నాయి. ఒంటిగంటకు చొక్కా విప్పి, చీటీ నూనె తగలకుండా జేబులోంచి తీసి, జాగ్రత్తగా డ్రైవరుకు ఇచ్చాడు. రెండింటికి ఏదో విప్పినది తిరిగి పెట్టడానికి డిపో నుంచి స్పానరు తెప్పించాడు. పదమూడు మందిలో ఒక్కొక్కరే దిగి నీడలోకి, అక్కడి నుంచి ఇళ్ళకు జారుకున్నారు. గుమాస్తా మాత్రం ఉండిపోయాడు. బొమ్మకు రిజిస్టరులో సంతకం రావాలి. అత్తగారు కిటికీ పక్కనే కూర్చుంది. ఆ వీధిలో అప్పుడప్పుడూ సముద్రం బస్సులు పోతున్నాయి. వాటిని చూసింది.

మూడున్నరకు ఆయన బయటికి వచ్చాడు. మోచేతుల దాకా నలుపు. "పొగగొట్టం క్లిప్పు వదులైంది," అన్నాడు. "అదే శబ్దం."

"ప్రమాదమా?" అని అడిగింది అత్తగారు.

"కాదు. శబ్దం, అంతే."

"ఇప్పుడు బయలుదేరితే?"

డ్రైవరు గడియారం చూసుకున్నాడు. "అయిదింటికి అక్కడుంటామమ్మా. ఆరింటికి డిపోలో ఉండాలి."

మెకానిక్ గుడ్డతో చేతులు తుడుచుకున్నాడు. తుడుచుకున్న కొద్దీ నలుపు పాకింది.

"వచ్చే వారం చూద్దాం," అన్నాడు. అని, తను అన్న మాట తనకే వినబడి, ఆగిపోయాడు.

"అమ్మాయి నాతో ఇదే చెప్పేది," అంది అత్తగారు. గొంతులో కోపం లేదు. ఉంటే ఆయనకు తేలికగా ఉండేది. "కన్న కూతురి మాట నమ్మలేదు నేను. ఎంతటివాడైనా అలా ఉండడులే అనేదాన్ని. నేనూ తప్పుచేశాను."

ఆవిడ తన ఇంటి దగ్గర దిగింది. బొమ్మ ఆవిడ చేతిలోనే ఉంది. మెకానిక్ కిటికీలోంచి చెయ్యి చాచాడు. ఆవిడ ఆ చెయ్యిని చూసింది.

"ముందు కడుక్కో," అంది. "కడుక్కుని రా, ఎప్పుడైనా. ఇక్కడే ఉంటుంది. కప్పు మాత్రం ఎత్తే ఉంటుంది."

గుమాస్తా నీలం రిజిస్టరు చాచాడు. వస్తువు తీసుకున్నవారు అన్నచోట ఆవిడ సంతకం చేసింది. సొంతదారుకు ఏమవుతారు అన్నచోట తల్లి అని రాసింది. నల్ల రిజిస్టరులో పొద్దున రాసినదాన్ని గుమాస్తా అడ్డంగా కొట్టేశాడు. పక్కన, ఆఫీసు పద్ధతి ప్రకారం, పొరపాటున పోయారు అని చేర్చాడు.

డ్రైవరు చీటీ తిరిగి ఇచ్చాడు. మెకానిక్ దాన్ని రెండు వేళ్ళ అంచులతో పట్టుకున్నాడు. అయినా సముద్రం అన్న మాట మీద నల్లటి వేలిముద్ర పడింది.

అయిదు కాకముందే బస్సు డిపో చేరింది. దారిలో మరమ్మతు చేస్తే దానికి వేరే ఫారం ఉంటుంది. గుమాస్తా తీరిగ్గా నింపాడు. మరమ్మతుకు పట్టిన సమయం, నాలుగున్నర గంటలు. మరమ్మతుకు ముందు బండి పరిస్థితి అన్న గడిలో, డ్రైవరును అడిగి, బాగానే ఉంది అని రాశాడు.